ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ కోసం మద్రాసు దాకా

తప్పంతా తాతయ్య రేడియోది. అటక మీద ముప్పై ఏళ్ళుగా పడి ఉన్న ఆ చెక్కపెట్టెని దించి, లోపలి సామానుతో 5 వాట్ల గిటార్ యాంప్లిఫయర్ కడదామని కూర్చున్నాను. 5 వాట్లా అని నవ్వకండి. వాల్వ్ యాంప్‌లో, అంటే పాత రేడియోల్లోని గాజు గొట్టాలతో నడిచే యాంప్‌లో, 5 వాట్లంటే గోడ అవతల పంతులుగారు సంధ్యావందనం ఆపి రావడానికి చాలు. గిటార్ల కంపెనీ ఫెండర్ వాళ్ళు 1950ల్లో నేర్చుకునేవాళ్ళ కోసం అమ్మిన చాంప్ యాంప్ కూడా ఇంచుమించు అంతే. పవర్ వాల్వ్‌ని దాని హద్దు దాకా తోస్తేనే ఆ బొంగురు తీపి వస్తుంది, 50 వాట్లదాన్ని అంత దూరం తోస్తే మా వీధి వీధంతా ఖాళీ అవుతుంది.

రేడియోలో బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ (బెల్) వాళ్ళ ఈఎల్84 పవర్ వాల్వ్ ఇంకా బతికే ఉంది. పవర్ ట్రాన్స్‌ఫార్మరూ బాగుంది. పోయింది వాల్వ్‌ని స్పీకరుకి కలిపే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే. మన కోస్తా చెమ్మకి లోపలి తీగ పచ్చబడి ఎక్కడో తెగింది. కొత్తది అమెరికా నుంచి తెప్పిస్తే కస్టమ్స్‌తో కలిపి ఆరు వేలు దాటుతోంది. మద్రాసు ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో దొరకని వస్తువు ఉండదు, పోయి తెచ్చుకో అని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. వాడు ఎప్పుడూ వెళ్ళలేదని తరవాత తెలిసింది.

తెనాలిలో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఒంగోలు దాకా నిద్రపోయి, మధ్యాహ్నం సెంట్రల్‌లో దిగాను. బయట ఆటో ఆయన నూట యాభై అన్నాడు. రెండు కిలోమీటర్లు లేదు. మెట్రోలో ఒక్క స్టాపు, గవర్నమెంట్ ఎస్టేట్‌లో దిగితే నడిచే దూరం. బేరం ఆడకుండా మెట్ల వైపు తిరిగినప్పుడు కలిగిన ఆనందం ఆ రోజుకి అదే మొదలు, అదే చివర.

రిచీ స్ట్రీట్‌లో సీసీ కెమెరాలు, ఛార్జర్లు, కేబుల్ చుట్టలు, మళ్ళీ ఛార్జర్లు. ట్యూబ్ యాంప్ అంటే ట్యూబ్‌లైటు చూపించాడు ఒక కుర్రాడు. వాల్వ్ అంటే పైపుల దుకాణానికి దారి చెప్పాడు ఇంకొకడు. కెపాసిటర్లు మాత్రం సులువుగా దొరికాయి. కంప్యూటర్ పవర్ సప్లైల పుణ్యమా అని 450 వోల్టులవి ఎక్కడ పడితే అక్కడే. ట్రాన్స్‌ఫార్మర్ మాటెత్తితే "ఎన్ని వేలు కావాలి?" అంటారు. ఒక్కటి అనగానే మొహం తిప్పేసుకుంటారు. నాలుగో దుకాణం దగ్గర ఎండకి, ఆకలికి, మిత్రుడి మీద కోపానికి కళ్ళు తిరుగుతుంటే, అక్కడ టీ తాగుతున్న ఒకాయన నా చేతిలోని పాడైన ట్రాన్స్‌ఫార్మర్ చూసి చింతాద్రిపేట సందులో ఒక వైండింగ్ కొట్టు గుర్తులు చెప్పాడు.

కొట్టంటే కొట్టు కాదు, రెండు ఇళ్ళ మధ్య మిగిలిన జాగా. లోపల డెబ్బై దాటిన పెద్దాయన లుంగీ మీద బల్ల ముందు కూర్చుని ఏదో స్టెబిలైజర్ కాయిల్ చుడుతున్నాడు. నాకొచ్చిన నాలుగు తమిళ ముక్కలు కూడదీసుకుంటుంటే ఆయనే అన్నాడు, "తెలుగులోనే చెప్పు నైనా."

చెప్పాను. పాత ట్రాన్స్‌ఫార్మర్ తీసుకుని తిప్పి తిప్పి చూసి, "ఒకటే?" అన్నాడు.

"ఒకటేనయ్యా."

"ఒక్కదానికి బాబిన్ ఎక్కించమంటావు. ఇరవై అయితే చేస్తాను."

ఇక నా దగ్గర బేరానికి ఏమీ మిగల్లేదు. ఏ వాల్వ్‌కి అని ఆయన అడిగితే బ్యాగు తీసి, సాక్సులో చుట్టి తెచ్చిన ఈఎల్84 బయటపెట్టాను. దాన్నెందుకు తెచ్చానో నాకే తెలీదు, ఇంట్లో వదలబుద్ధి కాలేదంతే. దీపానికి అడ్డం పెట్టి చూశాడు. పెళ్ళిళ్ళకీ గుడి తిరునాళ్ళకీ వాల్వ్ యాంప్లిఫయర్లతో మైకుసెట్లు పెట్టిన రోజుల్లో వాటి ట్రాన్స్‌ఫార్మర్లు వందలు చుట్టాడట. స్టెబిలైజర్ కాయిల్ పక్కకి జరిపేశాడు.

తరవాత మూడు గంటలు ఆ సందులోనే ఉండిపోయాను. ముందు పాతదాన్ని విప్పి సెకండరీ, అంటే స్పీకరు వైపు, చుట్లు లెక్కపెట్టాడు, 95. "ఇది 5 ఓముల స్పీకరుకి. నీది ఎంత?" 8 అన్నాను. ఇంటి దగ్గర నేను కాలిక్యులేటర్ పట్టుకుని వాల్వ్‌కి కావలసిన 5,000 ఓములని స్పీకరు 8తో భాగించి, వర్గమూలం కట్టి, చుట్ల నిష్పత్తి 25కి 1 అని తేల్చడానికి ఒక సాయంత్రం పట్టింది. ఆయన బల్ల మీద సుద్దతో 3000, 120 అని రాశాడు, ప్రైమరీకి (వాల్వ్ వైపు) అన్ని చుట్లు, సెకండరీకి ఇన్ని. నా 25 అందులోనే ఉంది.

చేతి మిషను, పక్కన అంకెలు తిరిగే కౌంటరు. 36 గేజు తీగ, వెంట్రుకలాంటిది. ఎడమ చేతి రెండు వేళ్ళ మధ్య నుంచి జారనిస్తూ కుడిచేత్తో తిప్పుతున్నాడు, నాతో మాట్లాడుతున్నాడు, కౌంటరు వైపు చూడట్లేదు, 1500 దగ్గర ఆగాడు. దాని మీద లావు తీగతో సెకండరీ, మళ్ళీ మిగతా 1500. మొత్తం ప్రైమరీ ఒకచోటే చుట్టేస్తే పై స్వరాలు చచ్చిపోతాయట. నాకు తెలిసిన ఒకేఒక్క విషయం చెబుదామని, స్టాంపింగులు (లోపలి ఇనుప రేకులు) ఎదురెదురుగా అల్లకండి, ఇది ఒకే పవర్ వాల్వ్ యాంపు అని గుర్తు చేశాను. కళ్ళజోడు పైనుంచి చూశాడు. ఒకే వాల్వ్ అయితే ప్రైమరీలో డీసీ ఎప్పుడూ పారుతూనే ఉంటుంది, రేకుల మధ్య సందు లేకపోతే ఇనుము అయస్కాంతంతో నిండిపోయి బాస్ పోతుంది. అందుకని E ఆకారం ముక్కలన్నీ ఒకవైపు, I ఆకారం ముక్కలన్నీ ఒకవైపు పేర్చి, మధ్యలో పల్చటి కాగితం పెట్టాలి. ఇదంతా నేను చెబుదామనుకునే లోపల ఆయన కాగితం కత్తిరించేశాడు.

ఎంత అంటే 650 అన్నాడు. ఇంకో వంద ఇచ్చినా తీసుకోలేదు. "వార్నిష్‌లో ముంచాలి. ఆరాలి. రేపు రా."

రేపా! సాయంత్రం బండికి టికెట్టు చేతిలో ఉంది. అది పోయినట్టే. ట్రిప్లికేన్‌లో లాడ్జి గదికి 1400, అందులో ఫ్యాను తిరుగుతుందో ఆలోచిస్తుందో తెలీలేదు. రాత్రి రత్నా కేఫ్‌లో సాంబారులో మునిగిన ఇడ్లీ తింటూ లెక్క వేస్తే 650 రూపాయల వస్తువు రెండున్నర వేలకి తేలింది. మూడోసారి సాంబారు పోయించుకున్నాక లెక్క ఆపేశాను.

మర్నాడు కాగితంలో చుట్టి ఇచ్చాడు. వెళ్ళబోతుంటే వెనక నుంచి, "అరిస్తే రెండు తీగలూ తిప్పు" అన్నాడు. ఎవరు అరిస్తే? తల ఊపి వచ్చేశాను. సెంట్రల్‌లో స్కానర్ దగ్గర బ్యాగు మొత్తం విప్పించారు. తీగలు, కెపాసిటర్లు, నల్లటి ఇనుప ముద్ద, సాక్సులో గాజు. లేడీ కానిస్టేబుల్ వాల్వ్ పైకెత్తి చూసి ఏదో అడిగింది, "రేడియో" అన్నాను, నవ్వి వదిలేసింది.

ఇంటికొచ్చి అన్నీ కలిపి, కరెంటు దారిలో ఒక బల్బు (సిరీస్ ల్యాంప్) పెట్టి స్విచ్ వేశాను. బల్బు భగ్గున వెలిగి మెల్లగా తగ్గింది, అంటే షార్ట్ లేదు. షాకు భయంతో ఒక చెయ్యి జేబులో పెట్టుకుని మీటరుతో చూస్తే వాల్వ్ ప్లేటు మీద 240 వోల్టులు, కేథోడ్ మీద 6.8. అంతా సవ్యం. వాల్యూమ్ ముట్టుకున్నానో లేదో, పందిని కోస్తున్నట్టు ఒక కేక. పంతులుగారు నిజంగానే వచ్చేశారు. అప్పుడు వెలిగింది. స్పీకరు నుంచి వెనక్కి తెచ్చే ఫీడ్‌బ్యాక్ తీగ తిరగబడితే యాంపు అరుస్తుంది. స్విచ్ ఆపి, కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఆగి, సెకండరీ తీగలు రెండూ అటుదిటు చేశాను. కేక లేదు.

సలహా ఇచ్చిన మిత్రుడు వచ్చి అరగంట వాయించి, నాక్కూడా ఒకటి చుట్టించి పెట్టరా అన్నాడు. పినాకిని పొద్దున్నే ఉంది, నువ్వే వెళ్ళు, లాడ్జి డబ్బులు మాత్రం విడిగా తీసుకెళ్ళు అన్నాను.