స్క్రిప్టు చేతిలోంచి దిగిన రోజు

విద్యార్థులు నాటకం వేస్తున్నారనగానే చాలామంది అడిగేది, సంభాషణలు కంఠతా వచ్చాయా అని. నా దృష్టిలో తొందరపడి బట్టీ పట్టడమే రిహార్సల్సుకు మొదటి చేటు. అర్థం తెలియకముందే నోటికి వచ్చిన వాక్యానికి ఒక రాగం అంటుకుంటుంది. దాన్ని వదిలించడం కొత్తగా నేర్పడం కన్నా కష్టం. అందుకే తొలిరోజుల్లో అందరూ కలిసి కూర్చుని నాటకం చదువుకుంటూ, ఒక్కో సన్నివేశంలో తమ పాత్రకు ఏం కావాలో, దానికి అడ్డేమిటో తేల్చుకోవడం అవసరం. 1898లో మాస్కో ఆర్ట్ థియేటర్‌ను నెలకొల్పినవారిలో ఒకరైన స్టానిస్లావ్‌స్కీ నటులకు అలవాటు చేసిన ప్రశ్న కూడా ఇదే.

తర్వాత కదలికలు. వేదిక కొలతల ప్రకారం నేలమీద టేపు అంటించి, తలుపు ఎక్కడో, కుర్చీ ఎక్కడో గుర్తించి, ఎవరు ఏ మాట మీద లేవాలో స్క్రిప్టు అంచున పెన్సిలుతో రాసుకుంటారు. (పెన్సిలే ఎందుకంటే, దర్శకుడు రేపు తప్పకుండా మారుస్తాడు.)

అసలు పరీక్ష స్క్రిప్టు చేతిలోంచి దిగాక మొదలవుతుంది. "నువ్వు వెళ్లిపోతావని నాకు ముందే తెలుసు" అన్న మాటను నిన్నటిదాకా కాగితం చూస్తూ చక్కగా పలికిన అమ్మాయి, ఇప్పుడు ఎదుటివాడి కళ్లలోకి చూడాల్సి రావడంతో సగంలో ఆగి, మరిచిన మాట అందించే ప్రాంప్టరు వైపు తిరుగుతుంది. ఆమెకు లోపించింది జ్ఞాపకశక్తి కాదు. ఎదుటివాడు చెప్పేది వినకుండా తన వంతు కోసం కాచుకుని ఉండటమే చిక్కు.

లైట్లు, శబ్దాలు సరిచూసే టెక్నికల్ రిహార్సల్ విసుగు పుట్టిస్తుంది. వేషాలు వేసుకుని అసలు ప్రదర్శనలాగే చేసే డ్రెస్ రిహార్సల్‌ను మాత్రం ఎక్కడా ఆపకూడదు. ఊడిన మీసాన్ని చేత్తో అదిమిపట్టుకునైనా సన్నివేశం పూర్తిచేయాలి.