పీపీగా పనిచేశారట: మా తమ్ముడి కేసుకు వకీలును వెతికిన అనుభవం

2023 మార్చిలో ఒక తెల్లవారుజామున మా తమ్ముడు గుంటూరు మిర్చి యార్డులో సరుకు దించి, ఖాళీ బండితో తిరిగి వస్తూ, నరసరావుపేటకు ఇవతల మోపెడ్ మీద పాల క్యాన్లతో వెళ్తున్న ఒక మనిషిని ఢీకొట్టాడు. ఆసుపత్రికి చేరేలోపే ఆయన ప్రాణం పోయింది. పోలీసులు ఐపీసీ 304-ఎ కింద, అంటే నిర్లక్ష్యం వల్ల మరణం అనే నేరం కింద కేసు కట్టి, అది బెయిలబుల్ కాబట్టి అదే రోజు సాయంత్రం స్టేషన్ బెయిలు మీద తమ్ముణ్ణి పంపించారు. పన్నెండో రోజున స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. తమ్ముడు తాగి నడిపాడని ఇద్దరు సాక్షులు చెప్పారని, సెక్షన్ 304 రెండో భాగానికి, అంటే ప్రాణం పోవచ్చని తెలిసీ చేసిన పని వల్ల మరణం అనే నేరానికి మార్చామని, కోర్టులో మెమో కూడా వేశామని చెప్పారు.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. ఒక అంకె పక్కన ఒక అక్షరం పోతే శిక్ష 2 సంవత్సరాల నుంచి 10 సంవత్సరాలకు మారుతుందని, కేసు మేజిస్ట్రేటు కోర్టు దాటి సెషన్స్ కోర్టుకు వెళ్తుందని ఆ రోజే తెలిసింది. బంధువులందరూ ఒకే మాట అన్నారు: "పీపీగా చేసిన వకీలును పెట్టండి, వాళ్లకు అటువైపు లోగుట్టు తెలుస్తుంది." పీపీ అంటే పబ్లిక్ ప్రాసిక్యూటర్, నేరం కేసుల్లో ప్రభుత్వం తరఫున వాదించే వకీలు. ఈ సలహా తప్పని నేను ఇప్పటికీ అనను. కానీ "పీపీగా చేశారు" అనే రెండు మాటల వెనుక ఎన్ని రకాల మనుషులు ఉంటారో వెతకడం మొదలుపెట్టాకే అర్థమైంది.

మొదట కలిసిన ఆయన కార్యాలయంలో గోడ నిండా ఫోటోలు, బల్ల మీద మాజీ పబ్లిక్ ప్రాసిక్యూటర్ అని చెక్కించిన పేరు పలక ఉన్నాయి. (వకీళ్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదని, బోర్డు మీద మాజీ న్యాయమూర్తినని గానీ మాజీ అడ్వకేట్ జనరల్‌నని గానీ రాసుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధన ఉన్న సంగతి ఆ తరువాత తెలిసింది.) నేను తీసుకెళ్లిన ఎఫ్ఐఆర్ నకలును ఆయన తెరిచి చూడలేదు. "మాస్టారూ, నేను పీపీగా ఉన్న రోజుల్లో ఆ స్టేషన్‌లో వాళ్లందరూ నా ముందు చేతులు కట్టుకుని నిలబడేవారు. మీరు 3 లక్షలు సర్దండి, ఎవరికి ఏం ఇవ్వాలో నేను చూసుకుంటాను" అన్నారు. భయంలో ఉన్నవాడికి అటువంటి మాట ఎంత హాయిగా ఉంటుందో అనుభవించిన వాళ్లకే తెలుసు. మెట్లు దిగుతున్నప్పుడు మాత్రం, ఆయన మా తమ్ముడి పేరు కూడా అడగలేదన్న విషయం గుర్తుకొచ్చింది.

రెండవ ఆయన పదవీ విరమణ చేసిన అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, ఏపీపీ. ప్రాసిక్యూటర్లలో రకాలు ఉంటాయని నాకు ఓపికగా చెప్పినవారు ఆయనే. ఏపీపీలు పోటీ పరీక్ష రాసి ఉద్యోగంలోకి వచ్చి, ఎక్కువ కాలం మేజిస్ట్రేటు కోర్టుల్లో పనిచేస్తారు. సెషన్స్ కోర్టుల్లో ఉండే పీపీలను, అదనపు పీపీలను మాత్రం ఎక్కువగా కనీసం 7 సంవత్సరాల ప్రాక్టీసు ఉన్న వకీళ్ల నుంచి, సెషన్స్ జడ్జిని సంప్రదించి జిల్లా మేజిస్ట్రేటు తయారుచేసిన జాబితా ఆధారంగా, ప్రభుత్వం కొంత కాలానికి నియమిస్తుంది. కాలం తీరగానే వాళ్లు మళ్లీ మామూలు వకీళ్లుగా ముద్దాయిల తరఫున నిలబడతారు. "304-ఎ కేసులు నా చేతుల మీదుగా వందల్లో వెళ్లాయి. కానీ మీది ఇప్పుడు సెషన్స్ కేసు అయింది. నేను ఆ కోర్టులో పూర్తి విచారణ నడిపింది తక్కువ, మీ దగ్గర దాచడం ఎందుకు?" అని ఆయన అన్నారు. వచ్చిన పనిని తనంతట తాను కాదన్న వకీలును నేను అంతకుముందు చూడలేదు.

ఆ మాటతో నా వెతుకులాటకు ఒక దారి దొరికింది. పీపీగా చేశారా అని అడగడం మానేసి, ఏ కోర్టులో, ఎన్నేళ్లు, బయటికి వచ్చాక ఇటువైపు ఎన్ని విచారణలు నడిపారు అని అడగడం మొదలుపెట్టాను. ఈ-కోర్ట్స్ యాప్‌లో వకీలు పేరుతో కేసులు వెతికే సౌకర్యం ఉంది. రాత్రిళ్లు పిల్లల జవాబు పత్రాలు దిద్దడం అయ్యాక, విన్న పేర్లన్నీ అందులో వెతికి, ఎవరి కేసులు విచారణ దాకా వెళ్లాయో, ఎవరివి బెయిలు పిటిషన్లతోనే ఆగాయో నోటుపుస్తకంలో రాసుకున్నాను. ప్రభుత్వం తరఫున పనిచేసిన కాలపు కేసుల్లో చాలావాటిలో పేరుకు బదులు హోదా మాత్రమే కనిపించింది కాబట్టి ఆ భాగాన్ని నోటి మాట మీదే నమ్మవలసి వచ్చింది. ఆ తరువాత రెండు రోజులు సెలవు పెట్టి సెషన్స్ కోర్టు హాలులో వెనుక బెంచీ మీద కూర్చున్నాను. కోర్టు అందరికీ తెరిచి ఉండే చోటని పుస్తకాల్లో చదివినా, గడప దాటడానికి కాళ్లు ఆడలేదు.

అక్కడే ఒక మేడమ్ ఒక దెబ్బల కేసులో సాక్షిని క్రాస్ చేయడం, అంటే ఎదురు ప్రశ్నలు వేయడం చూశాను. గొంతు పెంచలేదు. పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలంలో లేని ఒక్క వాక్యాన్ని పట్టుకుని, నాలుగు ప్రశ్నలు అడిగి కూర్చున్నారు. మూడేళ్లు అదనపు పీపీగా చేసి, తరువాత ఏడేళ్లుగా ముద్దాయిల తరఫున వాదిస్తున్నారని గుమాస్తా చెప్పాడు.

కలవడానికి వెళ్తే ఆవిడ మొదట అడిగింది చనిపోయిన మనిషి పేరు, ప్రమాదం జరిగిన తేదీ. తాను పీపీగా ఉన్నప్పుడు సంబంధం ఉన్న ఏ కేసులోనూ తరువాత ఎదుటి పక్షాన నిలబడకూడదని, అందుకే ముందుగా అది చూసుకుంటానని అన్నారు. తరువాత ఎఫ్ఐఆర్, శవ పంచనామా, ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టు, తమ్ముడి నుదుటి గాయానికి ఆసుపత్రి ఇచ్చిన సర్టిఫికెట్ వరసగా పరిచి, ఎర్ర పెన్సిల్ తీసుకుని, "ఇప్పుడు నేను పీపీని. మీ తమ్ముడికి శిక్ష వేయించాలి. ఏం చెబుతానో వినండి" అన్నారు. బండిలో యాంత్రిక లోపం ఏదీ లేదని ఎంవీఐ రాశారు కాబట్టి బ్రేకులు పడలేదన్న మాట నిలవదు. రోడ్డు తిన్నగా ఉంది. మనిషి రోడ్డు అంచున ఉన్నాడు. తమ్ముడు రెండు రాత్రులు వరసగా గుంటూరుకు తిరిగాడు. పది నిమిషాల్లో మా తమ్ముడు నాకే దోషిగా కనిపించాడు. నా ముఖం చూసి ఆవిడ పెన్సిల్ తిప్పి పట్టుకుని మళ్లీ మొదటి కాగితానికి వచ్చారు. మృతుడి అన్న ఇచ్చిన మొదటి ఫిర్యాదులో అతివేగం, నిర్లక్ష్యం అన్న మాటలే ఉన్నాయి, తాగుడు ఊసు లేదు. గంటలోపే చూసిన డాక్టరు గాయం సర్టిఫికెట్‌లో మద్యం వాసన గురించి రాయలేదు. మోటారు వాహనాల చట్టం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యం దాటితే నేరమంటుంది, ఇక్కడ రక్తమే తీయలేదు. తాగాడన్న ఇద్దరి వాంగ్మూలాలు ప్రమాదం జరిగిన పదకొండు రోజులకు రాసుకున్నవి.

"ముంబైలో పరేరా అనే అతని కేసులో 2012లో సుప్రీంకోర్టు 304 రెండో భాగం కింద శిక్షను నిలబెట్టింది. మీ కేసులో పీపీ దాన్నే చూపిస్తారు. అక్కడ తాగుడుకు రక్త పరీక్ష ఉంది, ఇక్కడ లేదు. కానీ మాస్టారూ, నిద్ర లేకుండా బండి నడపడం నిర్లక్ష్యమే. 304-ఎ నుంచి మీవాణ్ణి పూర్తిగా తప్పిస్తానని నేను మాట ఇవ్వలేను" అన్నారు. రాజీ చేసుకోమన్న ఊరి పెద్దల సలహా చెబితే, 304-ఎ రాజీకి వీలైన నేరం కాదని, ఆ కుటుంబానికి రావలసిన పరిహారం ట్రిబ్యునల్‌లో బీమా కంపెనీ నుంచి విడిగా వస్తుందని, దానికి అడ్డుపడవద్దని గట్టిగా చెప్పారు. ఫీజును బెయిలుకు ఇంత, అభియోగాల మీద వాదనకు ఇంత, విచారణకు ఇంత అని మూడు భాగాలుగా కాగితం మీద రాసి ఇచ్చారు. మొత్తం కలిపినా మొదటి ఆయన అడిగినదానిలో సగానికి కాస్త ఎక్కువే తప్ప అంతకు మించలేదు. ఆ సాయంత్రమే తమ్ముడు వకాల్తా మీద సంతకం చేశాడు.

ముందస్తు బెయిలు రెండు వాయిదాల్లో వచ్చింది, ఇద్దరు జామీనుదారులు, వారానికి ఒకసారి స్టేషన్‌లో సంతకం అన్న షరతులతో. చార్జిషీటు 304 రెండో భాగంతోనే పడింది. మేజిస్ట్రేటు కోర్టులో పీఆర్సీ నంబరు, కేసును సెషన్స్‌కు అప్పగించాక (కమిట్ అయ్యాక) అక్కడ ఎస్సీ, అంటే సెషన్స్ కేసు నంబరు, ఒకే కట్టకు నంబర్లు మారుతూ దాదాపు ఏడాది గడిచింది. ఈలోగా 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు అమల్లోకి వచ్చి అందరూ ఐపీసీకి బదులు బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) అనడం మొదలుపెట్టారు. అందులో 304-ఎకు బదులు వచ్చిన 106 సెక్షన్‌లో శిక్ష 5 సంవత్సరాల దాకా ఉంది. ప్రమాదం అంతకుముందుది కాబట్టి మాకు పాత ఐపీసీయే వర్తిస్తుందని మేడమ్ చెప్పేవరకు నాకు నిద్ర పట్టలేదు.

అభియోగాలు మోపే దశలో ఆవిడ వాదన నలభై నిమిషాలు కూడా సాగలేదు. మొదటి రోజు నా ముందు పరిచిన కాగితాలనే, అదే వరసలో జడ్జిగారి ముందు పరిచారు. ప్రాణం పోయే అవకాశం ఉందని తెలిసి నడిపాడనడానికి ప్రాథమిక ఆధారం లేదని, 304-ఎ కింద మాత్రమే విచారణ జరగాలని సెషన్స్ కోర్టు తేల్చి, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్పీసీ) 228 ప్రకారం కేసును తిరిగి మేజిస్ట్రేటు కోర్టుకు పంపింది. అక్కడ దానికి మళ్లీ కొత్తగా సీసీ (క్యాలెండర్ కేసు) నంబరు పడింది.

ఫీజులో మూడో భాగం ఇవ్వడానికి వెళ్తే మేడమ్ తీసుకోలేదు. తాను రోజంతా సెషన్స్ హాలులోనే ఉంటానని, మేజిస్ట్రేటు కోర్టులో ఎంవీఐని, ప్లాను గీసిన ఎస్సైని క్రాస్ చేయడంలో ఆ కోర్టులోనే జీవితం గడిపిన వాళ్లకు మించినవాళ్లు ఉండరని చెప్పి, నేను రెండవగా కలిసిన ఏపీపీ పెద్దాయన పేరే చెప్పారు. కొత్త వకాల్తా మీద అభ్యంతరం లేదని సంతకం చేసి, కట్ట మొత్తం నా చేతికి ఇచ్చారు. ఆ సాయంత్రం పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకుని కట్ట విప్పి, ఎర్ర పెన్సిల్ గీతలు చూసుకుంటూ మూడో పేజీ దగ్గర ఆగి, "పంచనామాలో మోపెడ్ వెనుక లైటు సంగతి ఎవరూ రాయలేదేం?" అని అడిగారు.