ట్యాబ్‌లో సినిమా మసగ్గా కనిపిస్తే తప్పు స్క్రీన్‌దేనా?

షాపులో మెరిసిపోయిన ట్యాబ్, ఇంటికొచ్చి రాత్రిపూట సినిమా పెట్టేసరికి ఎందుకంత నీరసపడిపోతుందో చాలామందికి అర్థం కాదు. షాపులో ఆడించే డెమో వీడియో చూశారుగా, పూలు, రంగు చిలకలు, నీలం సముద్రం. ఎంత చవక స్క్రీన్ మీదైనా అవి బాగానే ఉంటాయి, పైగా బ్రైట్‌నెస్ నిండా పెట్టి ఉంచుతారు, నెత్తిమీద లైట్లు వెలుగుతుంటాయి కాబట్టి లోపాలేవీ కంటికి ఆనవు. మన సినిమాల్లో సగం గొడవలు రాత్రిపూటే జరుగుతాయి కదా, గోడౌన్‌లో ఫైటు, వానలో ఛేజింగు, అక్కడికి వచ్చేసరికి బండారం బయటపడుతుంది.

మా చుట్టాల్లో ట్యాబ్ కొన్నవాళ్లందరికీ కస్టమర్ కేర్ నేనే. తెనాలి నుంచి పిన్ని ఫోన్ చేసి, "మొహాలన్నీ మసగ్గా ఉన్నాయిరా, కళ్లజోడు మార్చాలేమో అనుకున్నా, కానీ పేపర్ బాగానే కనపడుతోంది మరి" అంటుంది. బావ బాధ వేరు, స్క్రీన్ మూలల్లో తెల్లగా పొగ పట్టినట్టుందని. బాబాయ్‌కేమో కెమెరా పక్కకి కదిలినప్పుడల్లా బొమ్మ తడబడుతోందట. ముగ్గురూ చివరికి చెప్పేది మాత్రం ఒకటే, స్క్రీన్ బాలేదు, మార్పించాలి. సర్వీస్ సెంటర్ వాళ్లు టచ్ పనిచేస్తోందా, గీతలు ఏమైనా పడుతున్నాయా అని చూసి "అంతా ఓకే సార్" అని పంపేస్తారు. అసలు ముందు తేల్చుకోవాల్సింది, ట్యాబ్‌కి వస్తున్న వీడియోనే బాలేదా, లేక వచ్చినదాన్ని ప్యానెల్ (స్క్రీన్‌లో బొమ్మ చూపించే భాగం) సరిగ్గా చూపించట్లేదా అని. ఇది తేలకుండా డబ్బులు పెట్టి స్క్రీన్ మార్పించుకున్నవాళ్లు నాకు తెలుసు, మసక అలాగే ఉంది.

తేల్చడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు. యూట్యూబ్‌లో వీడియో ఆపి స్క్రీన్‌షాట్ తీసి ఇంకో ఫోన్‌లో చూడండి (వాట్సాప్‌లో మామూలు ఫొటోలా పంపితే అదే నాణ్యత తగ్గించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపండి). లోపం అక్కడ కూడా కనిపిస్తే మీ ప్యానెల్ నిర్దోషి. అక్కడ శుభ్రంగా ఉండి మీ ట్యాబ్ మీదే మచ్చగా కనిపిస్తే అప్పుడు ప్యానెల్‌ని అనుమానించొచ్చు. డబ్బులు కట్టి చూసే యాప్‌లలో ఈ కిటుకు చాలావరకు పనిచేయదు, స్క్రీన్‌షాట్ నల్లగా వస్తుంది, కాపీ కొట్టకుండా వాళ్లు పెట్టుకున్న ఏర్పాటు అది.

ఆ ఏర్పాటే పిన్ని మసకకి కూడా కారణం. ఆవిడ ట్యాబ్‌లో యూట్యూబ్ పాత పాటలు చక్కగా వస్తున్నాయి, డబ్బు కట్టిన యాప్‌లో కొత్త సినిమానే అలుక్కుపోయినట్టుంది. ఈ తేడా చెప్పగానే నాకు అనుమానం వచ్చింది. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో సినిమాలకి వేసే తాళం పేరు వైడ్‌వైన్, గూగుల్‌ది. దానిలో ఎల్1, ఎల్3 అని స్థాయిలుంటాయి. ఎల్1 అంటే తాళం తీయడం, బొమ్మని తయారుచేయడం అంతా చిప్‌లోని భద్రమైన భాగంలోనే జరుగుతుంది. ఎల్3 అంటే ఆ పని మామూలు సాఫ్ట్‌వేర్‌లో జరుగుతుంది, దొంగిలించడం తేలిక, అందుకని నెట్‌ఫ్లిక్స్ లాంటి సర్వీసులు ఎల్3 పరికరాలకి హెచ్‌డీ పంపవు. మీరు ఎంత ఖరీదైన ప్లాన్ కట్టండి, వైఫై ఎంత స్పీడుగా ఉండనివ్వండి, వచ్చేది 480పి (అంటే 480 వరసల చుక్కలున్న బొమ్మ) దగ్గరే ఆగిపోతుంది. పెట్టె మీద మాత్రం ఫుల్ హెచ్‌డీ డిస్‌ప్లే అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, అది అబద్ధం కూడా కాదు.

ఇది ఊరూపేరూ లేని ట్యాబ్‌లకే ఉండే జబ్బు అనుకోకండి. 2017లో వన్‌ప్లస్ 5, 5టి ఫోన్లు ఎల్1 లేకుండానే వచ్చాయి, తర్వాత అది కావాలంటే ఫోన్‌ని కంపెనీకే పంపించాల్సి వచ్చింది. 2018లో వచ్చిన పోకో ఎఫ్1 కూడా ఎల్3తోనే మొదలై మరుసటి ఏడాది అప్‌డేట్‌తో బాగుపడింది. మీ ట్యాబ్ సంగతి తెలుసుకోవాలంటే ప్లే స్టోర్‌లో డీఆర్ఎమ్ ఇన్ఫో అనే చిన్న యాప్ ఉంది, సెక్యూరిటీ లెవెల్ అన్నచోట ఏముందో చూడండి. నెట్‌ఫ్లిక్స్ ఉంటే దాని యాప్ సెట్టింగ్స్‌లో ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్ అని ఉంటుంది, అక్కడా కనిపిస్తుంది. మా పిన్ని ట్యాబ్‌లో ఎల్3 అని వచ్చింది. బ్రాండ్ పేరు ఇక్కడ రాయను, రాసినా వచ్చే ఏడాదికి అది మార్కెట్లో ఉంటుందో లేదో. ఇంకో మాట, బూట్‌లోడర్ అన్‌లాక్ చేసి, కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ తీసేసి బయటి సాఫ్ట్‌వేర్ (కస్టమ్ రామ్‌లు అంటారు) వేసే కుర్రాళ్లు గుర్తుపెట్టుకోవాలి, చాలా మోడళ్లలో అలా చేస్తే ఎల్1 పోయి ఎల్3కి పడిపోతుంది.

ఎల్1 ఉండి కూడా మసగ్గా ఉంటే ప్లాన్ చూడండి. నెట్‌ఫ్లిక్స్‌లో 149 రూపాయల మొబైల్ ప్లాన్ ఉంది కదా, అది ట్యాబ్‌లో కూడా పనిచేస్తుంది, కానీ ఇచ్చేది 480పి మాత్రమే. లెక్క వేస్తే ఎందుకు మసకో తెలిసిపోతుంది. 480పి బొమ్మలో నాలుగు లక్షల పైచిలుకు చుక్కలుంటాయి, 1920×1200 ట్యాబ్‌లో 23 లక్షలు. అంటే వచ్చిన ఒక్కో చుక్కని అయిదు చుక్కల పైన సాగదీసి చూపించాలి. అదే బొమ్మ ఆరంగుళాల ఫోన్‌లో బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, పదకొండు అంగుళాలకి వచ్చేసరికి హీరో గడ్డం ఒక ముద్దలా కనిపిస్తుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు నెట్‌వర్క్‌ల మీద భారం తగ్గించడానికి పెద్ద స్ట్రీమింగ్ కంపెనీలు కలిసి మొబైల్ నెట్‌వర్క్‌లలో 480పి దాటకుండా ఏప్రిల్ 14 దాకా కట్టడి పెట్టుకున్నాయి, ఆ రోజుల్లో ఫోన్‌లో సినిమా చూసినవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు. చిన్న తెర అన్నీ కప్పేస్తుంది.

యూట్యూబ్‌ది ఇంకో రకం. ఆటో అని వదిలేస్తే అది నెట్ స్పీడు చూసుకుని క్వాలిటీ తగ్గించేస్తుంది. సెట్టింగ్స్‌లో వీడియో క్వాలిటీ దగ్గర మొబైల్ డేటాకీ వైఫైకీ విడివిడిగా ఆప్షన్లుంటాయి, వైఫైకి హయ్యర్ పిక్చర్ క్వాలిటీ పెట్టేయండి, అయిపోతుంది.

ఇక చీకటి సీన్లలో ఆకాశం మెట్లు మెట్లుగా, గోడ మీద నీడ చారలు చారలుగా కనిపించడం. దీనికి ప్యానెల్‌ని తిట్టేవాళ్లే ఎక్కువ, కానీ చాలాసార్లు తప్పు వీడియోది. మామూలు వీడియోలో ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి, అన్నీ కలిపితే కోటీ అరవై ఏడు లక్షల రంగులు, వినడానికి చాలా ఎక్కువ. కానీ చీకటి సీన్ మొత్తం ఆ 256లో అడుగున ఉన్న కొన్ని మెట్ల మీదే నడవాలి. దానికితోడు వీడియో సైజు తగ్గించేటప్పుడు ముందు కోత పడేది చీకటి భాగాలకే, ఎవరు చూస్తారులే అన్నట్టు. లక్ష రూపాయల ట్యాబ్‌లో పెట్టినా ఆ చారలు ఉంటాయి, ఇంకా చెప్పాలంటే మంచి స్క్రీన్ మీద మరింత స్పష్టంగా కనిపిస్తాయి.

నిజంగా ప్యానెల్ తప్పున్న విషయానికొస్తే, అది నలుపు. ఎల్‌సీడీ స్క్రీన్‌కి వెనక లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, నలుపు చూపించాలంటే ఆ లైటుని అడ్డుకోవాలి, పూర్తిగా అడ్డుకోలేదు. ఎల్‌సీడీల్లోనే ఒక రకమైన ఐపీఎస్, అందులో మంచి ప్యానెల్‌లో కూడా తెలుపుకీ నలుపుకీ నిష్పత్తి వెయ్యి, పదిహేను వందలకి ఒకటి ఉంటుంది. పగలు తెలియదు. గదిలో లైటు ఆర్పితే నలుపు కాస్తా, పలక మీద సుద్దరాత చేత్తో చెరిపాక మిగిలే బూడిద రంగులోకి మారిపోతుంది. మన సినిమాలకి ఇది మరీ బాధ, ఎందుకంటే ఎక్కువ సినిమాలు 2.39:1 స్కోప్‌లో, అంటే ఎత్తుకి 2.39 రెట్లు వెడల్పుగా ఉంటాయి. 16:10 ట్యాబ్‌లో ఆ సినిమా పెడితే స్క్రీన్‌లో మూడోవంతు పైనా కిందా ఉన్న నల్ల పట్టీలకే పోతుంది. 4:3 స్క్రీన్ ఉన్న ఐప్యాడ్‌లో అయితే 44 శాతం పట్టీలే. అంత నలుపు బూడిదగా వెలుగుతుంటే సినిమా ఏం చూస్తాం? పట్టీలు పోవాలని వేళ్లతో జూమ్ చేసి చూసేవాళ్లున్నారు, మా బాబాయ్ అలాగే చూస్తాడు, ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఒకడు సగం ఫ్రేమ్ బయటే ఉంటాడు, "ఏంటి బాబాయ్ ఇది" అంటే "మాట వినపడుతోందిగా" అంటాడు. పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాలకి ఈ బెడద తక్కువ, అవి దాదాపు 4:3లో ఉంటాయి కాబట్టి పక్కన కొంచెమే పోతుంది.

బావ చెప్పిన మూలల్లో తెలుపు ఇదే కుటుంబానికి చెందింది, కాకపోతే రెండు రకాలు. గది చీకటి చేసి, పూర్తి నల్ల బొమ్మ ఒకటి పెట్టి, తల అటూ ఇటూ జరిపి చూడాలి. చూసే కోణం మారుతుంటే ఆ తెలుపు కూడా జరుగుతూ, తగ్గుతూ ఉంటే అది ఐపీఎస్ గ్లో, ఆ టెక్నాలజీ గుణమే అంత, మార్చి ఇంకొకటి ఇచ్చినా అలాగే ఉంటుంది. ఎటు జరిగినా అదే చోట, అదే ఆకారంలో ఉంటే బ్యాక్‌లైట్ బ్లీడ్, ఫ్రేమ్ సరిగ్గా బిగించకపోవడం వల్ల అంచుల్లోంచి లైటు కారడం. బావది రెండోదే. సర్వీస్ సెంటర్‌లో ఫొటో చూపిస్తే "కెమెరాలో అలా వస్తుంది సార్" అన్నారు. ఆ మాటలో కొంత నిజముంది, చీకట్లో ఫోన్ కెమెరా తనంతట తనే వెలుతురు పెంచేసుకుంటుంది. కానీ అక్కడ లైట్ల కింద నిలబడి అసలు బ్లీడ్ కనపడట్లేదని రాసేయడం మాత్రం అన్యాయం. కౌంటర్ కింద కొంచెం చీకటిగా ఉన్నచోట పెట్టి చూడమని పట్టుబడితే అప్పుడు తీసుకున్నారు. అందుకే కొన్న వారంలోనే, రిటర్న్ గడువు ఉండగానే ఈ చీకటి పరీక్ష చేసుకోండి.

ఓఎల్ఈడీ అయితే ఈ గొడవ లేదు, ఏ చుక్కకి ఆ చుక్కే వెలుగుతుంది, నలుపు కావాలంటే ఆరిపోతుంది. మధ్యలో మినీ ఎల్ఈడీ అని ఒకటి వచ్చింది, 2021 పెద్ద ఐప్యాడ్ ప్రోలో వెనక లైటుని 2,596 భాగాలుగా విడదీశారు. బాగుంది, కానీ స్క్రీన్‌లో చుక్కలు 55 లక్షల పైన ఉన్నాయి, ఒక్కో భాగం కింద రెండు వేల పైచిలుకు. అందుకే నల్లటి పట్టీ మీద తెల్ల సబ్‌టైటిల్ వస్తే దాని చుట్టూ లేత వెలుగు కనిపించేది. 2024లో ఐప్యాడ్ ప్రోకి ఆపిల్ కూడా ఓఎల్ఈడీకే వచ్చేసింది. అలాగని అందరూ ఓఎల్ఈడీ కొనమని నేను చెప్పను. పొద్దున్నుంచి రాత్రి దాకా న్యూస్ ఛానల్ పెట్టుకుని కూర్చునే ఇంట్లో, మూలన ఆ లోగో, కింద ఆ ఎర్ర బ్రేకింగ్ పట్టీ కదలకుండా ఉంటాయి, ఏళ్లు గడిస్తే వాటి మరక స్క్రీన్ మీద ఉండిపోయే ప్రమాదం ఉంది. బాబాయ్ లాంటివాళ్లకి ఎల్‌సీడీనే నయం.

బాబాయ్ తడబాటు సంగతి చెప్పలేదు కదూ. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, మామూలు స్క్రీన్ సెకనుకి 60 సార్లు మారుతుంది. 60ని 24తో భాగిస్తే రెండున్నర. కాబట్టి ఒక ఫ్రేముని రెండుసార్లు, పక్కదాన్ని మూడుసార్లు చూపించి సర్దుకుంటుంది, కెమెరా మెల్లగా పక్కకి తిరిగే షాట్‌లో ఆ కుంటి నడక తెలుస్తుంది. 120 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 120 సార్లు మారే స్క్రీన్‌లో, ఫ్రేముకి సరిగ్గా అయిదుసార్లు, లెక్క సరిపోతుంది. 90 హెర్ట్జ్ అని గొప్పగా అమ్మే ట్యాబ్‌లలో మాత్రం మూడుం ముప్పావు వస్తుంది, సినిమాకి అదేం మేలు చేయదు. కొందరికి ఇది అస్సలు తెలియదు, ఒకసారి గమనించినవాళ్లకి మాత్రం ఇక వదలదు.

స్క్రీన్‌దీ కాదు వీడియోదీ కాదు అనిపించే కేసులు కూడా ఉన్నాయి. రాత్రికి కళ్లకి హాయి అని పెట్టే మోడ్ ఆఫ్ చేయడం మర్చిపోతే అందరికీ పచ్చకామెర్లు వచ్చినట్టుంటుంది. రంగులు గాఢంగా చూపించే వివిడ్ మోడ్‌లో మొహాలు నారింజ రంగుకి తిరుగుతాయి, నేచురల్ అని ఉంటే అది పెట్టండి, మొదట రెండు మూడు రోజులు చప్పగా అనిపిస్తుంది. రాసుకోవడానికి బాగుంటుందని పిల్లలకి వేయించే మాట్ స్క్రీన్ గార్డ్ సినిమాకి పనికిరాదు, తెల్లటి భాగాల మీద ఇసుక చల్లినట్టు మెరుస్తుంది. నా మటుకు నేను ట్యాబ్ కొనడానికి వెళ్తే ఫోన్‌లో ఒక చీకటి సీన్ దాచుకుని వెళ్తాను, డెమో ట్యాబ్‌లో అది పెట్టి బ్రైట్‌నెస్ సగానికి తగ్గించమంటాను. సేల్స్ కుర్రాడు ఇబ్బందిగా చూస్తాడు, చూడనివ్వండి.

ఒక్క లక్షణం మాత్రం వాయిదా వేయొద్దు. స్క్రీన్ మధ్యలో కొత్తగా తెల్లటి మచ్చ వచ్చి రోజురోజుకీ పెరుగుతున్నా, అంచు దగ్గర గ్లాస్ కొంచెం పైకి లేచినట్టున్నా, లోపల బ్యాటరీ ఉబ్బి డిస్‌ప్లేని నెడుతూ ఉండొచ్చు. అప్పుడు ఎల్1లూ బ్లీడ్‌లూ పక్కన పెట్టి, ఛార్జింగ్ ఆపేసి, స్విచాఫ్ చేసి ముందు బ్యాటరీ చూపించండి, మచ్చ మీద వేలితో నొక్కి చూడొద్దు. రిపేర్ షాపువాడు డిస్‌ప్లే కాంబో ఒక్కటి మార్చేస్తే సరిపోతుంది అంటే నమ్మకండి, బ్యాటరీ మార్చకపోతే కొత్త డిస్‌ప్లేకీ అదే గతి.