పక్కన కూర్చుంటానంటోంది

మా అక్క కూతురికి పదహారేళ్ళు. సత్యనారాయణపురంలో వాళ్ళింటికి ఎప్పుడెళ్ళినా సందు మొదట్లోనే వయొలిన్ వినిపిస్తుంది. మొదటి రెండేళ్ళు మాయామాళవగౌళలో సరళీలు, జంటలు వినీ వినీ మా బావగారు పేపరు పట్టుకుని డాబా మీదికి వెళ్ళిపోయేవారు (ఆయన్ని తప్పు పట్టలేను, నేనూ వెళ్ళేదాన్ని).

తర్వాత వర్ణాలు, కృతులు వచ్చాయి. వేళ్ళ చివర కాయలు కాశాయి. అయినా తోడి రాగం దగ్గర ఆగిపోయింది. స్వరస్థానం సరిగ్గానే ఉంది, రాగం మాత్రం రావట్లేదు. మేష్టారు వయొలిన్ పెట్టెలో పెట్టించేసి, వారం పాటు ఆ రాగంలో ఊగుతూ పలికే గాంధారాన్ని, అంటే 'గ' స్వరాన్ని, నోటితో పాడమన్నారు. వయొలిన్‌కి వీణలాగా మెట్లుండవు కదా, ఆ ఊపు ఎంతవరకు వెళ్ళాలో చెవికి తెలిస్తేనే వేలికి తెలుస్తుంది. వారం తర్వాత కమాను పట్టిన రోజు బావగారు డాబా దిగొచ్చారు.

ఇంట్లో అందరూ సోలో కచేరీల గురించే మాట్లాడతారు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్‌ని ముందు కూర్చోబెట్టలేదా, 1941లోనే సంగీత కళానిధి అయ్యారు కదా అని నేనే లెక్చరిచ్చాను. ఇది మాత్రం మన బెజవాడ అన్నవరపు రామస్వామిగారి పేరెత్తింది. 2021లో పద్మశ్రీ వచ్చిన ఆయన, తనలాగే పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యుడైన బాలమురళికి పక్కవాద్యం వాయించారు, అది చిన్న పనా పిన్నీ అంది. ముందు ఆకాశవాణి ఆడిషన్‌లో బి గ్రేడ్ తెచ్చుకుంటుందట, ఆ తర్వాత కూడా పక్కవాద్యమేనట. నాకు మింగుడు పడలేదు.

మొన్న గుళ్ళో కచేరీకి వెళ్ళాక కొంచెం అర్థమైంది. పాడే ఆవిడది ఐదున్నర శ్రుతి, బాగా హెచ్చు, ఇది తీగలు సరిచేసుకునేసరికే చెమటలు పట్టాయి, పైగా ఆ వానాకాలపు తేమకి తీగలు తిప్పే బిరడాలు బిగుసుకుపోయాయి. నెరవల్లో, అంటే ఒకే పంక్తిని రకరకాలుగా అల్లి పాడేచోట, ఆవిడ అనుకోకుండా ఎత్తుగడ మార్చేసరికి ఇది కమాను ఎత్తేసింది. నా గుండె ఆగినంత పనైంది. ఒక్క ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు తిరిగేదాకా, తల వంచుకుని వింది, తర్వాతి దానికి ఆవిడ గొంతు వెనకే వచ్చి కలిసింది. ఆవిడ పాడుతూనే ఇటు తిరిగి నవ్వింది.

ఇప్పుడు ఇంటికెవరొచ్చినా పాడమంటోంది. బావగారు పాత సినిమా పాటలు శ్రుతి తప్పి పాడుతుంటే ఆ తప్పిన చోటికే వెళ్ళి పట్టుకుంటోంది. నాకు భజనలు తప్ప ఏమీ రావే అన్నాను.

"అవే పాడు పిన్నీ, ఊపిరి ఎక్కడ తీసుకుంటావో చూడాలి."