పిక్కే కదా అన్నారు

"ఆటలాడే మనిషి, పిక్క నొప్పికి కూడా వచ్చేస్తే ఎలా మాస్టారూ!"

ఈ మాట అన్న డాక్టరు గారి పేరు చెప్పను, ఊరు కూడా చెప్పను. పది నెలలైంది, ఒంట్లో రక్తం గడ్డలు కరిగిపోయాయి గానీ ఆ మాట మాత్రం ఇంకా కరగలేదు. కోపం తగ్గాక రాద్దామనుకుని ఇన్నాళ్ళూ ఆగాను. పూర్తిగా తగ్గేలా లేదు కాబట్టి రాసేస్తున్నాను.

మాది కోనసీమ. హైస్కూల్లో డ్రిల్లు మాస్టార్ని, వయసు 38. యూనివర్సిటీ టీముకి ఆడాను, రింగు కింద ఆడేవాణ్ణి. మన దగ్గర బాస్కెట్‌బాల్ ప్రొఫెషనల్ అంటే స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోనో బ్యాంకులోనో ఉద్యోగం సంపాదించినవాడని అర్థం. నాకు అది రెండుసార్లు చేతిదాకా వచ్చి తప్పిపోయింది. అది వేరే ఏడుపు, ఇక్కడ వద్దు.

మొన్న జనవరిలో కనుమ నాడు ఊరంతా జగ్గన్నతోట ప్రభలు చూడ్డానికి పోతే, మేం పదిమందిమి స్కూల్ సిమెంట్ కోర్టు మీద కుర్రాళ్ళలాగా కొట్టుకుంటున్నాం. రింగుకి తగిలి వెనక్కొచ్చే బంతి కోసం, అంటే రీబౌండుకి, ఎగిరి ఎవడి షూ మీదో దిగాను. చీలమండ దగ్గర సన్న ఎముక చిట్లింది. మోకాలి కింద దాకా సిమెంట్ కట్టు, మూడు వారాలు మంచం. ఇంతవరకూ ఎవరి తప్పూ లేదు, నా వయసు నాకు గుర్తులేకపోవడం తప్ప.

పన్నెండో రోజు నుంచి పిక్క లోపల ఏదో పట్టేసినట్టు నొప్పి మొదలైంది. పైన కాదు, లోపలెక్కడో. వేళ్ళు కూడా ఉబ్బాయి. ఆటో మాట్లాడుకుని వెళ్తే పై మాట అని నవ్వి, కట్టు కాస్త వదులు చేసి, నొప్పికి బిళ్ళలు రాసి పంపేశారు. నేనూ నవ్వాను. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు నచ్చింది కూడా. ఆటలాడే మనిషి అన్నారు కదా! నొప్పి ఓర్చుకోవడమే మగతనం అని పదిహేనేళ్ళుగా పిల్లలకి చెబుతున్నవాణ్ణి నేనే.

కట్టు విప్పాక కాలు ఇంకా లావుగానే ఉంది. అమ్మ ఊరుకుంటుందా? నువ్వుల నూనె వేడి చేసి, కాలు తన ఒళ్ళో పెట్టుకుని, పాదం నుంచి మోకాలి దాకా పైకి రుద్దేది. రోజూ రాత్రి, వారం రోజులు. "నరాలు బిగుసుకుపోయాయిరా నాన్నా, వదులవుతాయి" అనేది. హాయిగానే ఉండేది.

ఎనిమిదో రాత్రి రెండింటికి బాత్రూంకి లేచాను. నాలుగడుగులు వేసేసరికి ఊపిరి అందలేదు. ఆయాసం అంటే నాకు తెలియనిదా, కోర్టు చుట్టూ ఇరవై రౌండ్లు పరిగెత్తినవాణ్ణి. ఇది అది కాదు. గాలి ముక్కులోంచి లోపలికి పోతోంది, కానీ వెళ్ళిన గాలి ఎందుకూ పనికి రావడం లేదు. గట్టిగా పీలిస్తే కుడి పక్కటెముకల కింద సూదితో పొడిచినట్టు. గోడ పట్టుకుని కిందకి జారిపోయాను. చెమటకి బనీను తడిసిపోయింది, ఫిబ్రవరి చలిలో.

మా ఆవిడ లేచి లైటు వేసింది. కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ బీరువాలో ఎక్కడో ఉంది, తీసి వేలికి పెడితే వెలగదు. సెల్స్ అయిపోయాయి. ఆవిడ ఒక్క క్షణం ఇల్లంతా చూసి, టీవీ రిమోట్ వెనక మూత గోరుతో ఊడదీసి, అందులో సెల్స్ రెండూ లాగి దీంట్లో వేసింది. రెండోది తిరగేసి పెట్టింది, మళ్ళీ తీసి సరిగ్గా వేసింది. ఆ చేతులు వణకడం నాకు కనిపిస్తూనే ఉంది. ఆక్సిజన్ 84 అని చూపించింది. నాడి 130 దాటింది. "ఏమండీ, ఇది పాడైపోయిందేమో" అని తన వేలికి పెట్టుకుంది. 98. అప్పుడు ఏడ్చింది.

108 వచ్చింది. పట్నంలో ఆస్పత్రికి తీసుకెళ్తే అక్కడున్నాయన ఈసీజీ తీసి, "గ్యాస్ అయ్యుంటుంది, టెన్షన్ పడకండి" అన్నాడు. గ్యాస్ అట! ఆక్సిజన్ పెట్టి గ్యాస్ ఇంజక్షన్ రాస్తుండగా డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ వచ్చింది. మా స్కూల్లో టెన్త్ చదివే ఆడపిల్ల కంటే పెద్దగా ఏమీ లేదు చూడ్డానికి. దుప్పటి పైకెత్తి కాళ్ళు చూసింది. "ఈ కాలు ఎప్పటినుంచి లావుగా ఉందండీ?" అని అడిగింది.

మూడు వారాల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి.

టేపు దొరక్కపోతే బ్యాండేజీ గాజుగుడ్డ ఒక ముక్క చింపి, ఎడం పిక్కకి చుట్టి, చివర్లు కలిసినచోట పెన్నుతో గీత పెట్టింది. అదే గుడ్డ కుడి పిక్కకి చుట్టింది. చివర్లు కలవలేదు. మధ్యలో మూడు వేళ్ళ జాగా మిగిలింది. ఆ జాగా వైపు చూపించి పెద్దాయనతో ఏదో ఇంగ్లీషులో మెల్లగా చెప్పింది. ఆయన మొహం మారిపోయింది. కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ముక్కలు తెగి గుండె దాటి ఊపిరితిత్తుల్లోకి పోయి అడ్డం పడి ఉంటాయని, స్కాన్ చేసి చూడాలి గానీ అందాకా ఆగకూడదని చెప్పి, గడ్డ పెరగకుండా ఆపే హెపారిన్ ఇంజక్షన్ అక్కడే పొట్టకి పొడిచి కాకినాడ పంపించింది. అమ్మాయి పేరు తర్వాత కనుక్కున్నాను. ఒప్పుకోదు కాబట్టి రాయడం లేదు. నా కంటే సగం వయసున్న పిల్లకి దణ్ణం పెట్టాలనిపించడం నాకు అదే మొదలు.

ఎదుర్లంక వంతెన మీద అంబులెన్సు పోతుంటే అద్దంలోంచి గౌతమి కనిపించలేదు, అంతా నలుపు. ఆ వంతెన మీద ఎన్నిసార్లు పిల్లల్ని టోర్నమెంట్లకి తీసుకెళ్ళానో. అవతల యానాం దీపాలు చూస్తూ, అవి దగ్గరకొస్తే చాలు, బతికేస్తాను అని పిచ్చి లెక్క ఒకటి వేసుకున్నాను. అవి దగ్గరకి రావే! మా ఆవిడ సిలిండరు ముల్లు వైపే చూస్తోంది. నా మీద నాకు జాలి కలగలేదు, కోపం వచ్చింది. ఇంట్లో చిన్నదానికి ఫీజు కట్టాల్సిన తేదీ ఎవరికీ చెప్పలేదని గుర్తొచ్చింది. చచ్చిపోయేటప్పుడు పెద్ద పెద్ద ఆలోచనలు వస్తాయంటారు, నాకు ఫీజు గుర్తొచ్చింది.

కాకినాడలో ఏం జరిగిందో పెద్దగా చెప్పడానికి లేదు. సీటీ తీశారు, రెండు వైపులా గడ్డలున్నాయి. గుండె ఎకో చూశారు. బీపీ నిలబడింది కాబట్టి గడ్డలు కరిగించే పెద్ద ఇంజక్షన్ అక్కర్లేదన్నారు. నాలుగు రోజులు ఐసీయూ, పొట్ట చుట్టూ నల్లటి మచ్చలు, బిల్లు. అక్కడివాళ్ళు బాగా చూశారు, బిల్లు కూడా బాగా వేశారు.

ఇంటికొచ్చిన వారంలో టీ కొట్టు స్నేహితుడొకడు ఫోన్లో వార్త పంపాడు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏలో ఆడే వెంబన్యామాకి కుడి భుజంలో రక్తం గడ్డ, మిగతా సీజనంతా ఆడడు అని. కింద ఒక వాక్యం: "బావా, నీ బాష్ జబ్బే."

నా బాష్! దానికి ఒక కథ ఉంది.

అదే లీగులో ఆడిన క్రిస్ బాష్ అంటే నాకు పిచ్చి. ఆరడుగుల పదకొండంగుళాల మనిషి, 2003లో కొత్త ఆటగాళ్ళ ఎంపికలో టొరంటో జట్టు నాలుగోవాడిగా తీసుకుంది, తర్వాత మయామీకి వచ్చాడు, మేటి ఆటగాళ్ళ ఆల్‌స్టార్ మ్యాచ్‌కి పదకొండుసార్లు ఎంపికయ్యాడు. మయామీలో లెబ్రాన్, వేడ్ లాంటి పెద్ద స్టార్ల పక్కన ఆడి ఎవరి కళ్ళలోనూ పడని మనిషి. 2013 ఫైనల్స్ ఆరో మ్యాచ్ మనకి జూన్ 19 పొద్దున వచ్చింది. మయామీ మూడు పాయింట్లు వెనక, టైము అయిపోతోంది, లెబ్రాన్ షాట్ పోయింది. ఇద్దరి మధ్యలోంచి ఎగిరి రీబౌండు లాగి మూలనున్న రే అలెన్‌కి ఇచ్చినవాడు బాష్. అలెన్ మూడు పాయింట్ల షాట్ వేసేసరికి ఇంకా అయిదు సెకన్లే ఉన్నాయి. అందరూ అలెన్ పేరే చెబుతారు. రింగు కింద ఆడినవాడికి తెలుస్తుంది ఆ రీబౌండు విలువ. ఏడో మ్యాచ్‌లో ఆయనకి సున్నా పాయింట్లు వచ్చినా నేను వెనకేసుకొచ్చాను.

2015 ఫిబ్రవరిలో ఆయనకి ఊపిరితిత్తుల్లో గడ్డలు దొరికాయి. కోలుకుని మళ్ళీ ఆడాడు. ఏడాది తిరగకుండా పిక్కలో మళ్ళీ గడ్డ. 2016 ఫిబ్రవరి 9న ఆడిన ఆటే చివరిది, అప్పటికి 31 ఏళ్ళు. రక్తం పలచబడే మందు వాడుతూ ఎగిరి దూకే ఆట ఆడకూడదు, మోచెయ్యి తగిలి లోపల రక్తం కారితే ఆగదు. ఆట సమయానికి మందు ఒంట్లో లేకుండా చూసుకుని ఆడతానని ఆయన బతిమాలుకున్నాడని వార్తలొచ్చాయి. జట్టు ఒప్పుకోలేదు.

అప్పుడు టీ కొట్టు దగ్గర నేనేమన్నానో తెలుసా? "అయిదేళ్ళకి 11.8 కోట్ల డాలర్ల ఒప్పందం రా, ఆడకపోయినా వస్తాయి. పిక్క నొప్పికి ఇంట్లో పడుకున్నాడు." పక్కనవాళ్ళంతా నవ్వారు. అభిమానిని, అభిమాని అలిగితే అలాగే మాట్లాడతాడు అనుకోండి. కానీ ఆ మాటకీ డాక్టరు గారి మాటకీ తేడా ఏముంది? ఆయన కనీసం నా మొహం మీద అన్నాడు.

తర్వాత మంచం మీద పడుకుని ఇంకో సంగతి చదివాను, లేదా ఎప్పుడో చదివి మర్చిపోయాను. బాష్ ఆస్పత్రిలో చేరిన ఆ వారమే, 2015 ఫిబ్రవరి 18న, పోర్ట్‌లాండ్ పాత ఆటగాడు జెరోమ్ కెర్సీ చనిపోయాడు. 52 ఏళ్ళు. మోకాలికి ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే. పిక్కలో పుట్టిన గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కుడికాలు తలగడ మీద పెట్టుకుని ఫ్యాను చూస్తూ పడుకున్నాను, ప్రతి ఊపిరీ లెక్కపెట్టుకుంటూ.

అమ్మకి మొదట మేం ఏమీ చెప్పలేదు. ఉబ్బిన కాలికి మర్దనా చేస్తే గడ్డ కదిలే ప్రమాదం ఉందని కాకినాడ డాక్టరు అన్నప్పుడు పక్కన మా బావమరిది ఉన్నాడు, వాడి నోట్లో మాట దాగదు. అమ్మ నూనె గిన్నె తీసి అటక మీద పెట్టేసింది. రెండు రోజులు అన్నం తినలేదు. మర్దనా వల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరమ్మా, కట్టు వేసి కదపకుండా ఉంచినందుకే గడ్డ పుట్టింది, అని నేను వందసార్లు చెప్పాను. వినలేదు. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకుంది, శనివారానికి ఏడు ప్రదక్షిణలు. 66 ఏళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు. నాకు దేవుడి మీద నమ్మకం అంతంత మాత్రం. కానీ ఆరో శనివారం నేనూ వెళ్ళాను, ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడు చుట్లూ తిరిగాను, ఆయాసం రాలేదు. వెంకన్న చేశాడా హెపారిన్ చేసిందా అని ఎవరైనా అడిగితే నేను సమాధానం చెప్పను, గుడిలో అసలే చెప్పను.

రక్తం పలచబడే వార్ఫరిన్ బిళ్ళ ఆరు నెలలు. రక్తం ఎంత పలచగా ఉందో చూసే ఐఎన్ఆర్ అనే పరీక్ష 2కీ 3కీ మధ్య ఉండాలి. ఒకసారి 1.4కి పడిపోయింది. ఏం తిన్నారని అడిగితే ఏముంది, గోంగూర. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఈ మందుకి ఎదురు తిరుగుతుందట. మానక్కర్లేదు గానీ రోజుకొక తీరుగా తినకూడదు అన్నారు. గోంగూర కొలిచి తినమంటే మావాళ్ళకి పెద్ద జోకైపోయింది.

కొంచెం నడవగలిగాక రిపోర్టులు పట్టుకుని ఆ మొదటి డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. గొడవకి కాదు. చూస్తే ఇంకో పేషెంటుకైనా ఉపయోగపడుతుందని. ఫైలు తెరవలేదు. "మీ టైము బాగుంది మాస్టారూ" అన్నారు. టైము కాదండీ, గాజుగుడ్డ బాగుంది, అందామనుకున్నాను. నోరు రాలేదు. ఆటోలో తిరిగొస్తూ అనాల్సినవన్నీ గుర్తొచ్చాయి, ఎప్పుడూ అంతే కదా.

కాబట్టి ఆయనకి చెప్పలేనిది మీకు చెబుతున్నాను. కట్టు వేసుకున్నాకో, ఆపరేషన్ అయ్యాకో, రాత్రంతా హైదరాబాదు బస్సులో కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాకో ఒక్క కాలే వాచి, పిక్క లోపల నొప్పి, వేడి అనిపిస్తే దాన్ని రుద్దకండి, నూనె రాయకండి. సిరలో గడ్డ ఉందేమో చూసే డాప్లర్ అని ఒక స్కానింగ్ ఉంది, ఆ రోజే చేయించమని గట్టిగా అడగండి. నవ్వితే నవ్వనివ్వండి. దాంతోపాటు ఊపిరి అందకపోతే గ్యాస్ అని సోడా తాగుతూ కూర్చోకండి, 108కి కొట్టండి.

నాది కట్టు వల్ల వచ్చింది కాబట్టి ఆగస్టులో బిళ్ళలు ఆపేశారు. బాష్‌ది మళ్ళీ మళ్ళీ వచ్చింది, ఆయనకి ఆ వెసులుబాటు దొరకలేదు. ఆయన ఒకటో నంబరు జెర్సీని మయామీ వాళ్ళు 2019లో గౌరవంగా స్టేడియంలో పైకెత్తి కట్టారు, 2021లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. అన్నీ ఇచ్చారు, ఆట తప్ప. నేను మాత్రం రోజూ సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక కోర్టులో ఫ్రీ త్రోలు వేసుకుంటున్నాను. ఎగరడం లేదు. డాక్టరు వద్దనలేదు, నాకే ధైర్యం చాలడం లేదు.

అక్టోబరులో వెంబన్యామా తిరిగొచ్చి మొదటి మ్యాచ్‌లోనే 40 పాయింట్లు కొట్టాడు. అది చూద్దామని పొద్దున్నే లేచి కూర్చుంటే టీవీ రిమోట్ పని చెయ్యదు. సెల్స్ ఇంకా ఆక్సీమీటర్‌లోనే ఉన్నాయి, అది మా ఆవిడ దిండు కింద ఉంది. కొత్తవి కొనుక్కొస్తానంటే, "ముందు కొనండి, అప్పుడు ఇస్తాను" అంది. ప్రతిసారీ లేచి వెళ్ళి టీవీ వెనక బటన్ నొక్కి ఛానెల్ మారుస్తున్నాను.