టాంగ్రా వంటింట్లో నాకు పొయ్యి దొరికిన తీరు

నిన్న సాయంత్రం చెప్పారు, సోమవారం నుంచి రెండో పొయ్యి నాదేనని. ఆ సంతోషం వేడి తగ్గకముందే రాసేస్తున్నాను.

మాది ఖరగ్‌పూర్. తాతగారు శ్రీకాకుళం వైపు పల్లె నుంచి రైల్వే వర్క్‌షాపులో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను హోటల్ మేనేజ్‌మెంట్ చదివాను. చేస్తే చైనీస్ వంటే చెయ్యాలని పట్టుదల. కలకత్తాలో చైనీస్ అంటే టాంగ్రా. అది హక్కా అనే తెగ చైనీయుల తోలు కార్ఖానాల పేట. 1996లో సుప్రీంకోర్టు ఆ కార్ఖానాలను ఊరి బయటికి తరలించమన్నాక చాలా షెడ్లు రెస్టారెంట్లయ్యాయి. నేను వెళ్లిందీ అలాంటి చోటికే. ఒకప్పుడు తోళ్లు ఆరేసిన పై అంతస్తులో ఇప్పుడు తెల్ల గుడ్డలు పరిచిన గుండ్రటి బల్లలున్నాయి. కౌంటర్లో డెబ్బై దాటిన ఆంటీ, వంటింట్లో ఆమె కొడుకు, హాల్లో కోడలు. బయటివాళ్లు పదకొండు మంది.

మెడికల్ సర్టిఫికెట్, టైఫాయిడ్ టీకా ఒక్క పూటలో అయిపోయాయి. ఉద్యోగం ఇప్పిస్తానన్న ఏజెంటు మాత్రం నాలుగు వేలు తీసుకుని ఫోన్ ఎత్తడం మానేశాడు. ఎవరికీ డబ్బివ్వకండి. మధ్యాహ్నం మూడున్నరకు, లంచ్ రద్దీ తగ్గాక, వెనక గుమ్మం దగ్గరికి మీరే వెళ్లి అడగండి. నేను అలాగే అడిగితే మర్నాడే ట్రయల్‌కు రమ్మన్నారు.

ఎగ్ ఫ్రైడ్ రైస్ చెయ్యమన్నారు. ఆ పొయ్యికి మోకాలితో నెట్టే మీట ఉంటుంది. కాస్త నెడితే చాలు, మంట కడాయి అంచు దాటి లేస్తుంది. మూడేళ్లు ఫీజు కట్టించుకున్న మా కాలేజీ అలాంటి పొయ్యి ఒక్కసారి కూడా చూపించలేదు. మామూలు గ్యాస్ స్టవ్ మీద డెమో చేయించి మార్కులు వేసి పంపేశారు. గుడ్డు అడుగంటింది. కంగారులో సోయా సాస్ ఎక్కువ పోశాను. ఆంటీ కొడుకు (అందరూ దాదా అంటారు, బెంగాలీలో అన్న అని) రుచి కూడా చూడలేదు. కడాయి అడుగు చూసి "కడుగు" అన్నారు, అంతే.

వంట ఎలాగూ చెడింది, కడగడమైనా బాగా చేసి చూపిద్దామనుకున్నాను. సబ్బు వేసి ఇనుప పీచుతో పావుగంట రుద్దాను. నలుపంతా పోయి అడుగు తెల్లగా మెరిసింది. సంతోషంగా తీసుకెళ్లి పెట్టాను.

దాదా ఒక్క క్షణం చూసి ఆంటీని పిలిచారు. ఆమె కౌంటర్ వదిలి లోపలికి వచ్చారు. కడాయి ఎత్తి, వెలుతురులో తిప్పి, అడుగును వేలితో తడిమారు. "ఇది మా ఆయన వాడింది. ఆయన పోయి ఆరేళ్లయింది" అన్నారు హిందీలో. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పదకొండు మందీ పని ఆపి నన్నే చూస్తున్నారు. ఎవరో నవ్వారు. వెనక నీళ్ల డ్రమ్ముల దగ్గరికి వెళ్లి ఏడ్చాను. హౌరా వెళ్లి లోకల్ ఎక్కేద్దామని సంచి కూడా భుజాన వేసుకున్నాను.

దాదా వచ్చి ఆపారు. "పాడుచేసింది నువ్వు, బాగుచేసి వెళ్లు" అన్నారు.

నేను రుద్ది తీసేసిన ఆ నలుపు మురికి కాదు, ఏళ్ల తరబడి నూనె కాలి కట్టిన పొర. వంట అడుగంటకుండా చూసేది అదే. దాన్ని మళ్లీ కట్టడానికి తొమ్మిది రోజులు పట్టింది. జీతం లేదు, భోజనం మాత్రమే. పొద్దున గిన్నెలు తోమడం, మధ్యాహ్నం పొయ్యి ఖాళీ కాగానే కడాయి. ఇనుము నీలం తిరిగేదాకా కాల్చాలి. పల్చగా నూనె పట్టించి మళ్లీ పొగ లేచేదాకా కాల్చాలి. ఉల్లికాడలు, అల్లం వేసి అంచులదాకా తిప్పుతూ వేయించి, మాడాక పారెయ్యాలి. కడగడానికి వేడినీళ్లు, వెదురు బ్రష్, అంతే. తడి మంట మీదే ఆరాలి. మొదటి మూడు రోజులు జిగటగా మరకలు కట్టింది. నూనె ఎక్కువ రాస్తున్నానని నాలుగో రోజు నాకే తెలిసింది. పక్క పొయ్యి సీనియర్‌కు మొదటి రోజే తెలుసు, చూస్తూ ఊరుకున్నాడు. కొత్తవాడు తప్పు చేస్తుంటే తెలిసీ నోరు విప్పనివాడు ఎంత గొప్ప వంటవాడైనా నాకు గౌరవం లేదు. ఇప్పుడు ఆ వంటింట్లో అంత నున్నగా, నల్లగా ఉన్న కడాయి ఇంకొకటి లేదు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

ఆ రోజుల్లోనే ఆంటీ నాతో మాట్లాడటం మొదలుపెట్టారు. ఆమె పుట్టింది అస్సాంలోని మాకుమ్‌లో. 1962లో చైనాతో యుద్ధమప్పుడు ఏడేళ్ల పిల్ల. పోలీసులొచ్చి కుటుంబం మొత్తాన్ని రైలెక్కించి రాజస్థాన్‌లోని దేవ్‌లీ క్యాంపులో పెట్టారు. అలా బంధించింది సుమారు 3,000 మంది చైనా మూలాలవాళ్లను. విడిచిపెట్టాక బంధువులున్న కలకత్తా చేరి, తోలు వ్యాపారం చేసే ఇంటికి కోడలయ్యారు. మా తాతగారూ పొట్ట చేతపట్టుకుని వేరే రాష్ట్రానికి వచ్చినవారే. మమ్మల్నెవరూ రైలెక్కించలేదు. ఇక్కడే పుట్టిన పిల్లలను శత్రువులని బంధించడం పాపం. వాళ్ల బల్ల దగ్గరే కూర్చుని "మీది ఏ దేశం" అని అడిగే కస్టమర్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఆంటీ మనవడు టొరంటో వెళ్లిపోయాడు. టాంగ్రాలో చాలా ఇళ్ల పిల్లలు అక్కడే ఉన్నారు. ఇక ఆ కడాయి పట్టేది బయటివాడే. అందుకే నన్ను అన్ని రోజులు చూశారనుకుంటాను.

నిన్న నాలుగు గంటలకు, ఇంటివాళ్లు తినే వేళ, దాదా ఆ కడాయిని నా ముందు పెట్టి బోక్ చోయ్ కట్ట ఇచ్చారు. వాళ్లు తినేది చిల్లీ చికెన్ కాదు. తెల్లన్నం, ఆవిరి మీద ఉడికిన చేప, ఆకుకూర. నూనె, వెల్లుల్లి, ఉప్పు వేశాను. కాడలు ముందు, ఆకులు తర్వాత. మోకాలు వణికింది గానీ మంట నా మాట విన్నది. ఏదీ అడుగంటలేదు.

ఆంటీ ఒక కాడ నమిలారు. ఏమీ అనలేదు. గిన్నె కోడలి వైపు జరిపి ఇంకొంచెం అన్నం పెట్టమన్నారు. కూర పళ్లెం ఖాళీ అయ్యాక నన్ను పిలిచి, ఆధార్ జిరాక్స్, రెండు ఫొటోలు తెచ్చావా అని అడిగారు.