బొమ్మలు గీసే చేతికి డిక్వెర్వేన్ వస్తే

నొప్పి మొదట గీసేటప్పుడు రాలేదు. ఇంకు సీసా మూత తిప్పుతుంటే వచ్చింది. తర్వాత తాళం తిప్పినప్పుడు, తడి తువ్వాలు పిండినప్పుడు, పాలగిన్నెను ఒంటిచేత్తో పొయ్యి మీంచి దించినప్పుడు. చోటు మాత్రం ఎప్పుడూ ఒకటే: మణికట్టు దగ్గర బొటనవేలి వైపు, వేలికి తగిలే ఎముక ముడి మీద. నరం పట్టిందనుకుని నెలన్నర బామ్ రాశాను. ఆ నెలన్నర వృథాగా పోయింది. బద్ద కట్టి కదలకుండా ఉంచాల్సిన రోజుల్లో బామ్ రాసుకుంటూ రోజుకి 7 గంటలు గీశాను.

దీన్ని డిక్వెర్వేన్ అంటారు. 1895లో దీని గురించి రాసిన స్విస్ శస్త్రవైద్యుడి పేరది. మణికట్టు వెనకవైపు వేళ్ల స్నాయువులు, అంటే కండరాన్ని ఎముకకి కలిపే తాళ్లు, 6 గొట్టాల్లాంటి దారుల్లోంచి వెళ్తాయి. బొటనవేలి వైపున్న మొదటి దారిలో రెండు స్నాయువులు ఉంటాయి, బొటనవేలిని పక్కకీ పైకీ ఎత్తేవి అవే. బొటనవేలిని బిగించి మణికట్టును పదేపదే ఆడిస్తే ఆ దారి పైకప్పు మందమెక్కుతుంది. దారి ఇరుకై, స్నాయువు జారాల్సిన చోట ఒరుసుకుంటుంది. అసలు సంగతి వాపు కన్నా ఈ మందమే. నొప్పి బిళ్లలు నొప్పిని తగ్గిస్తాయి గానీ దారిని వెడల్పు చెయ్యవు. ఈ ఒక్క మాట ముందే తెలిసి ఉంటే బిళ్ల వేసుకుని గడువు పని పూర్తిచెయ్యాలని కూర్చునేదాన్ని కాదు.

గుర్తుపట్టడానికి ఒక పరీక్ష ఉంది. బొటనవేలిని లోపల పెట్టి పిడికిలి మూసి, మణికట్టును నెమ్మదిగా చిటికెనవేలి వైపు వంచాలి. కొంచెం లాగినట్టు అందరికీ ఉంటుంది కాబట్టి రెండో చేత్తోనూ చేసి పోల్చుకోవాలి. ఎముక ముడి మీద చురుక్కుమంటే అనుమానించాలి. రోజూ చేసి చూసుకోకూడదు, ఒరుసుకున్న చోటే మళ్లీ ఒరుస్తుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతుంటే అది వేరే జబ్బు. నొప్పి బొటనవేలి అడుగున, మణికట్టు పక్కనున్న కీలులోనే ఉంటే కీళ్ల అరుగుదల కావచ్చు. తేల్చాల్సింది ఎముకల డాక్టరే.

మొదటి వైద్యం బద్ద (స్ప్లింట్) కట్టడం. మందుల షాపులో దొరికే సాగే మణికట్టు పట్టీ దీనికి పనికిరాదు, బొటనవేలిని వదిలేస్తుంది. బొటనవేలిని మధ్య కీలు దాకా పట్టి ఉంచి, గోటి దగ్గర కీలును మాత్రం వదిలే స్ప్లింట్ కావాలి. నేను 6 వారాలు వేసుకున్నాను. స్నానానికి తీసేదాన్ని, రోజుకి మూడుసార్లు తీసి నొప్పి లేనంత మేరకే వేలిని ఆడించేదాన్ని. ఎండాకాలం కావడంతో లోపల చెమటపట్టి దురద వచ్చింది. పాత కాటన్ సాక్సు కొన కత్తిరించి, బొటనవేలికి కన్నం పెట్టి లోపల తొడుక్కుంటే సరిపోయింది. రెండు తొడుగులు ఉండాలి, ఒకటి ఉతికితే ఒకటి.

మూడో వారానికీ తగ్గకపోతే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు, ఒక్కటే. స్నాయువులోకి కాదు, దాని చుట్టూ ఉన్న తొడుగులోకి. రెండు రోజులు నొప్పి పెరిగి తర్వాత దిగింది. షుగర్ ఉన్నవాళ్లకి కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, ముందే చెప్పాలి. సూది పడిన చోట చర్మం తెల్లబడొచ్చు, పలచబడొచ్చు. కొందరిలో ఆ దారి మధ్యలో అడ్డగోడ ఉండి రెండు గదులుగా ఉంటుంది, మందు ఒక గదిలోకే వెళ్తే పూర్తిగా పనిచెయ్యదు. అలాంటప్పుడు చిన్న కోతతో పైకప్పు విడదీస్తారు. నాకు అంతదాకా రాలేదు.

ఇంజెక్షన్ తర్వాతే అసలు ప్రమాదం. నొప్పి పోయింది కదా అని చెయ్యి పాత పట్టుకే వెళ్తుంది. బలం తిరిగి తేవడానికి ఫిజియోథెరపిస్టు చెప్పిన క్రమం ఇది. 6 వారాలు నిండాక బొటనవేలిని బయటికి తోస్తూ, రెండో చేతి వేలితో కదలకుండా ఆపడం: 10 సెకన్లు, 5 సార్లు. ఇంకో రెండు వారాలకి ఐదు వేళ్ల చుట్టూ రబ్బరు బ్యాండు వేసి తెరవడం, తెరిచినదానికన్నా నెమ్మదిగా మూయడం: 10 సార్లు. తర్వాత పావు లీటరు నీళ్ల సీసా పట్టుకుని, బొటనవేలు పైకి ఉండేలా మణికట్టు ఎత్తి, 4 అంకెలు లెక్కపెడుతూ దించడం. పదికి మూడు వరకు నొప్పి పరవాలేదు. మర్నాటి పొద్దుటికి అది దిగకపోతే సగానికి తగ్గించాలి.

ఆ మర్నాటి పొద్దుటి లెక్కే నాకు అన్నిటికన్నా పనికొచ్చింది. స్కెచ్ పుస్తకంలో ప్రతి పేజీ మూలన నాలుగు సంగతులు రాయడం మొదలుపెట్టాను: తేదీ, ఎన్ని నిమిషాలు, ఏ పనిముట్టు, మర్నాడు లేవగానే నొప్పి పదికి ఎంత. మూడు వారాలకి విషయం బయటపడింది. ఎక్కువసేపు గీసిన రోజులు కాదు, నీడల కోసం దగ్గరదగ్గరగా సన్నగీతలు లాగిన రోజులే 5, 6 చూపిస్తున్నాయి. కారణం తేలికే. పొడవు గీత భుజం నుంచి వస్తుంది. నీడగీత బొటనవేలు బిగించి ఉండగా మణికట్టు విదిలింపుతో వస్తుంది. అరచేయంత నీడ నింపడానికి ఆ విదిలింపు వందల సార్లు. ఇంకులో ముంచి గీసే డిప్ నిబ్ అయితే గీత లావెక్కడానికి నొక్కాలి కూడా. ఇప్పుడు నీడలన్నీ 3వ నంబరు గుండ్రటి బ్రష్‌తోనే, నల్లటి ముద్దగానో, ఇంకు దాదాపు ఆరిన బ్రష్‌ను పక్కకి రాసి గరుకుగానో వేస్తున్నాను. బ్రష్‌కి నొక్కుడు అక్కర్లేదు, బరువు ఆనిస్తే చాలు. బొమ్మ తీరు మారింది. నా మటుకు బాగుపడింది.

గీతలు కాని పనులూ ఆ లెక్కలో దొరికాయి. చేతి షార్ప్‌నర్ తిప్పడం సీసా మూత తిప్పడం లాంటిదే, బల్లకి బిగించే పిడి షార్ప్‌నర్ కొన్నాను. రబ్బరుతో రుద్దడం మానేసి, పిండిలా నలిగే రబ్బరుతో అద్ది తీస్తున్నాను. ఇంకు సీసా మూత మరలు ప్రతిసారీ తుడిచి పెడితే ఎండి బిగుసుకోదు. ఫోన్ బొటనవేలితో తోసిన సాయంత్రాలూ లెక్కకెక్కాయి. మెసేజీలు మాటతోనే పంపుతున్నాను, ఫోన్‌ని బల్ల మీద పెట్టి చూపుడువేలితో తోస్తున్నాను.

పట్టు మార్చడం కష్టమైన పని. మామూలు పెన్సిల్ 7 మిల్లీమీటర్లు, సన్నటిదాన్ని పట్టాలంటే వేళ్లు ఎక్కువ నొక్కుతాయి. పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి 15 మిల్లీమీటర్లు చేశాను. శ్రీకాళహస్తి కలంకారీ కలాన్ని చూస్తే ఈ లావు కొత్తేం కాదు: వెదురుపుల్లకి గుడ్డో ఉన్నో చుట్టి దారంతో బిగిస్తారు. అక్కడ ఆ ఉబ్బు రంగు పట్టి ఉంచడానికి, నాకు వేళ్లు వదులవడానికి. ట్యూబు మొనకి అంగుళం పైనుంచి మొదలవ్వాలి. మొన దాకా చుడితే వేళ్లు మళ్లీ కిందికి జారి పాత పట్టుకే వస్తాయి. హెచ్‌బీ, 2హెచ్ లాంటి గట్టి పెన్సిళ్లు పక్కన పెట్టాను, నలుపు రావాలంటే నొక్కాలి. 4బీ, 6బీ మెత్తటివి, ఆనిస్తే చాలు.

మళ్లీ మొదలుపెట్టిన వారం రోజుకి మూడుసార్లు, 5 నిమిషాల చొప్పున మాత్రమే గీశాను. వారానికి 5 నిమిషాలు పెంచి 20 దగ్గర ఆపాను. ఇప్పుడు పొద్దున గోరువెచ్చటి నీళ్లలో 5 నిమిషాలు చెయ్యి పెట్టి, గోడకి అంటించిన పాత దినపత్రిక మీద లావు బొగ్గుతో నిలబడి గీస్తాను: సున్నాలు, కోడిగుడ్లు, పొడవు గీతలు, మోచెయ్యి ఆనించకుండా. పది నిమిషాలకి భుజం కదలడం మొదలవుతుంది. ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ 1941లో జరిగిన ఆపరేషన్ తర్వాత పొడవాటి వెదురుకర్ర చివర బొగ్గు కట్టి గోడల మీద గీసేవాడు. కర్ర పొడవైతే వేళ్లతో గీత లాగడం కుదరదు, చెయ్యంతా కదలాలి.

తర్వాత రఫ్‌లు, అంటే అసలు బొమ్మకి ముందు వేసుకునే చిత్తు గీతలు. ఏ4 కాగితం రెండుసార్లు మడిస్తే నాలుగు గళ్లు వస్తాయి, ఒక్కో బొమ్మకి నాలుగు ఆలోచనలు, లావు మార్కర్‌తో. జేబు పుస్తకంలో ఇంతకన్నా చిన్నగా గీస్తే కదలికంతా వేళ్లదే అవుతుంది. 18 అంగుళాల బోర్డు వెనక అంచు కింద 6 అంగుళాల ఎత్తు పుస్తకాలు పెడితే దాదాపు 20 డిగ్రీల వాలు వస్తుంది, మణికట్టు తిన్నగా ఉంటుంది. 20 నిమిషాలకి గంట మోగితే గీత మధ్యలో ఉన్నా లేస్తాను, 5 నిమిషాలు. ట్యాబ్ మీద గీస్తే గాజు జారి పట్టు బిగుస్తుంది. గరుకు ఫిల్మ్ అంటించి, తేలిగ్గా తాకినా నల్లగా పడేలా పెన్ ఒత్తిడి సెట్టింగ్ మార్చుకోవాలి.

స్ప్లింట్ వేసుకున్న రోజుల్లో ఎడమచేత్తో, కాగితం వంక చూడకుండా, వస్తువు అంచు వెంట కన్ను నడిపిస్తూ ఒకే గీత లాగేదాన్ని. రోజుకి పది నిమిషాలు, అంతకు మించితే ఎడమచేతికీ ఇదే జబ్బు తెచ్చుకోవచ్చు. వంకరగా వచ్చిన ఆ చెంబులు, చెప్పులు, కిటికీ చువ్వల గీతలు ఇప్పటికీ నా రఫ్‌లకి వాడుకుంటున్నాను.

ఇప్పుడు పేజీ మూలన ఎక్కువగా 0, అప్పుడప్పుడు 1. పోయిన మంగళవారం 3 పడింది. ముందురోజు పేజీ తిప్పి చూస్తే 25 నిమిషాలు తాటాకు పందిరి గీశాను, ఈనెలన్నీ నిబ్‌తోనే. ఆ పందిరి మిగతా సగం బ్రష్‌తో పూర్తిచేశాను.